చాప మీద దుమ్ము

మా ఇంట్లో బీరువాకూ మంచానికీ మధ్య ఒక చాప పట్టేంత జాగా ఉంది. పొద్దున్న ఫిల్టర్‌లో డికాక్షన్ దిగేలోపు అక్కడ చాప పరిచి వెల్లకిలా పడుకోవడం, తల కాస్త లేపి చేతులు టపటపా ఆడించడం, అరగంట తర్వాత లేచి చాప చుట్టేయడం నాలుగేళ్లుగా నాకు పళ్లు తోముకున్నంత మామూలు పని. పిలాటిస్ నేర్పిన టీచరు “మీకిక పట్టుబడిపోయిందండీ” అని కూడా అంది. ఆ మాట విన్న నెల్లోనే విశాఖపట్నంలో మా అన్నయ్య కూతురి పెళ్లికి వెళ్లాను. అయిదు రోజులు. తిరిగొచ్చాక బీరువా మీది చాప కిందికి దిగడానికి ఇరవై రోజులు పట్టింది.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు ఒకటే: కష్టపడి తెచ్చుకున్న పట్టు పోయింది, మళ్లీ ఓనమాల దగ్గర మొదలెట్టాలి, ఆ ఓపిక వచ్చాక చూద్దాం. అది సాకేనని తర్వాత తెలిసింది. ఆ అయిదు రోజుల్లో నా కండరాలు పోగొట్టుకున్నది లెక్కలోకి వచ్చేంత కాదు. పోయింది వేరే చోట.

వ్యాయామం మానేస్తే ముందుగా తగ్గేది దమ్ము. రక్తంలోని ద్రవభాగం కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. దాంతో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తమూ తగ్గుతుంది. ఏళ్ల తరబడి పరుగు, సైక్లింగ్ సాధన చేసినవాళ్లు సాధన ఆపేస్తే, వాళ్ల శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం మొదటి రెండు మూడు వారాల్లోనే దాదాపు 7 శాతం పడిపోయిందని 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం కొలిచి చెప్పింది. బలం అలా కాదు. అది మూడు నాలుగు వారాల దాకా పెద్దగా తరగదు. బలంలో ఒక భాగం కండలో ఉంటే ఇంకో భాగం నాడుల్లో ఉంటుంది. ఏ తంతువుకు ఎప్పుడు ఆజ్ఞ పంపాలి, ఏ వరుసలో పంపాలి అన్నది మెదడు నేర్చుకున్న విద్య. ఈత వచ్చినవాడు పదేళ్ల తర్వాత చెరువులో దూకినా మునిగిపోడు. పిలాటిస్‌లో నేర్చుకునేది చాలావరకు ఈ రెండో రకం.

మరి పూర్తిగా మానకుండా, తగ్గిస్తే ఏమవుతుంది? 1980ల మొదట్లో షికాగోలో రాబర్ట్ హిక్సన్ బృందం ఇదే పరీక్షించింది. కొందరిచేత పది వారాల పాటు వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టి వ్యాయామం చేయించారు. ఆ తర్వాత 15 వారాలు తగ్గించారు. ఒక జట్టుకు రోజులు తగ్గించి వారానికి రెండు చేసినా, ఇంకో జట్టుకు నిమిషాలు తగ్గించి 13 చేసినా, సంపాదించిన సామర్థ్యం నిలిచింది. తీవ్రత తగ్గించిన జట్టుకు మాత్రం నిలవలేదు. కండ బలం మీద 2011లో అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు బర్మింగ్‌హామ్‌లో చేసిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. నాలుగు నెలలు బరువులెత్తిన యువకులు, తర్వాతి ఎనిమిది నెలలు అందులో తొమ్మిదో వంతే చేసినా కండ తగ్గలేదు. అరవై దాటినవాళ్లకు బలం చాలావరకు నిలిచింది గానీ, పెరిగిన కండ నిలవలేదు. వయసుతో పాటు నిలబెట్టుకునే ఖర్చు పెరుగుతుందన్నమాట. ఈ తేడా గుర్తుంచుకోండి, కిందికి వెళ్లాక మళ్లీ పని పడుతుంది.

ఇవి పిలాటిస్ మీద చేసిన ప్రయోగాలు కావు. ఒకటి సైకిలూ పరుగూ, ఇంకొకటి బరువులు. అయినా శరీరం గురించి అవి చెబుతున్నది ఒకటే: తెచ్చుకోవడానికి పెట్టినంత ఖర్చు, ఉంచుకోవడానికి అక్కర్లేదు. పెళ్లికి వెళ్లిన అయిదు రోజుల్లో రెండుసార్లు, పదేసి నిమిషాలు, మనసు పెట్టి చేసినా నాకు సరిపోయేది. అసలేమీ చేయకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు.

పోయింది అలవాటు. అలవాటు ఉండేది మనిషిలోనే కాదు, చోటులో కూడా. 2005లో వెండీ వుడ్, ఆమె సహచరులు ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి మారుతున్న విద్యార్థుల్ని గమనించారు. వ్యాయామం, పేపరు చదవడం, టీవీ చూడడం లాంటి పాత అలవాట్లలో ఏవి నిలిచాయి? కొత్త ఊళ్లో కూడా చోటూ సందర్భమూ పాత ఊళ్లో లాగే ఉన్నవాళ్లకు నిలిచాయి. అవి మారినవాళ్లు మళ్లీ సంకల్పం మీదే ఆధారపడాల్సి వచ్చింది. నా పిలాటిస్ సగం నా మెదడులో ఉంటే, మిగతా సగం డికాక్షన్ వాసనలో, బీరువాకూ మంచానికీ మధ్య జాగాలో ఉంది. విశాఖలో ఆ సగం లేదు. పెళ్లివారింట్లో హాలు నిండా చుట్టాలు వరసగా నిద్రపోతుంటే, గోడవారగా పడుకుని కాళ్లెత్తానో లేదో, మా వదిన కంగారుపడి “ఏమ్మా, నడుం పట్టేసిందా?” అంటూ అమృతాంజనం సీసా తెచ్చింది.

లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం ఇంకో సంగతి తేల్చింది. ఒక పని అలవాటుగా స్థిరపడడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే మాత్రం ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. ఆ లెక్కన నన్ను ఇరవై రోజులు ఆపింది తప్పిన రోజులు కావు, తప్పాయన్న దిగులు.

ఇక్కడ పిలాటిస్ పుట్టుక గుర్తు చేసుకోవాలి. ఇది సొంత ఊరూ సొంత గదీ లేని చోట పెరిగిన విద్య.

జోసెఫ్ పిలాటిస్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మోన్షన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్ బాధించాయంటారు. పెద్దయ్యాక ఇంగ్లండు చేరి బాక్సింగ్, సర్కస్ లాంటి ఒళ్లుతో బతికే పనులు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ కాబట్టి శత్రుదేశస్థుడయ్యాడు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని నాకలో శిబిరంలో పెట్టారు. ఇరవై వేలకు పైగా మగవాళ్లు, వరసలు వరసలుగా చెక్క పాకలు, చుట్టూ ముళ్లకంచె. చేయడానికి పని లేక, ఎప్పుడు వదులుతారో తెలియక మనుషులు పిచ్చెక్కినట్టు అయిపోయేవారు. ఆ స్థితికి స్విస్ వైద్యుడు అడాల్ఫ్ విషర్ ‘ముళ్లకంచె జబ్బు’ అనే పేరే పెట్టాడు. అలాంటి చోట పిలాటిస్ తోటి బందీలకు తన వ్యాయామాలు నేర్పాడు. మంచం పట్టినవాళ్ల కోసం ఆస్పత్రి మంచాలకు స్ప్రింగులు తగిలించాడనీ, ఇవాళ స్టూడియోల్లో కనిపించే రిఫార్మర్ యంత్రానికి అదే మూలమనీ చెబుతారు. 1918 ఫ్లూ వచ్చినప్పుడు ఆయన శిష్యుల్లో ఒక్కరూ చనిపోలేదన్న కథ కూడా ప్రచారంలో ఉంది. మొదటిదాన్ని నమ్మవచ్చు. రెండోదాన్ని కథలా వినడమే మంచిది. కడుపు కండరాలకు వైరస్‌ను ఆపే విద్య తెలియదు.

1926లో ఆయన న్యూయార్క్ చేరాడు. ఎయిత్ అవెన్యూలో స్టూడియో తెరిస్తే జార్జ్ బాలన్‌షీన్, మార్తా గ్రాహం లాంటి నృత్యాచార్యుల లోకం దాన్ని ఆదరించింది. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1945లో వచ్చిన పుస్తకంలో చాప మీద చేసే 34 వ్యాయామాలు ఇచ్చాడు. వాటికి యంత్రం అక్కర్లేదు. ఇరుకు అపార్ట్‌మెంట్ల కోసం ఒక కుర్చీ కూడా తయారుచేశాడు. కూర్చుంటే సోఫా, తిప్పితే వ్యాయామ యంత్రం. ఇవాళ స్టూడియోలో మెరిసే రిఫార్మర్ లేకపోతే పిలాటిస్ కుదరదనుకునేవాళ్లను చూస్తే ఈ కుర్చీ గుర్తొస్తుంది నాకు. ఆయన పేరు ఏ ఒక్కరి ట్రేడ్‌మార్కూ కాదని 2000 అక్టోబరులో న్యూయార్క్ కోర్టు తేల్చింది గానీ, అది చూడటానికి ఆయన లేడు. 1967లోనే పోయాడు.

కాబట్టి చాప పట్టేంత చోటు చాలు. రైలు బెర్త్ కూడా దాదాపు అంతే, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అలాగని నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అప్పర్ బెర్త్ మీద కాళ్లు గాల్లోకి లేపమనడం లేదు. అక్కడ నిటారుగా కూర్చోవడానికే తల తగులుతుంది. బండి ఒక్క కుదుపు కుదిపితే మీ కాలు సైడ్ లోయర్‌లో పడుకున్నాయన మీద ఉంటుంది. చోటు కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ప్రయాణంలో ఉన్న వెన్ను, ఇంట్లో ఉన్న వెన్ను ఒకటి కావు. నేను పుస్తకాలు తిరగేసే దాకా ఇది నాకూ తెలియదు.

వెన్నుపూసల మధ్య డిస్కులు నీళ్లు తాగే దిండ్లలాంటివి. రాత్రి పడుకున్నప్పుడు బరువు తగ్గడంతో నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పగలు నిలబడినా కూర్చున్నా పిండుకుపోతాయి. అందుకే పొద్దున లేచినప్పుడు మనం సాయంత్రం కంటే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఎక్కువ పొడుగుంటాం. తగ్గే ఎత్తులో సగం దాకా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఉబ్బి ఉన్న డిస్కును ముందుకు వంచితే దాని మీదా చుట్టూ ఉన్న స్నాయువుల మీదా ఒత్తిడి చాలా ఎక్కువ పడుతుంది. 1998లో స్టోవర్ స్నూక్ బృందం దీర్ఘకాలం నడుంనొప్పి ఉన్నవాళ్లకు ఒకే సలహా ఇచ్చి చూసింది: పొద్దున లేచాక మొదటి రెండు గంటలు నడుం వంచకండి. నొప్పి తగ్గింది. ఇప్పుడు రాత్రంతా బెర్త్‌లో పడుకుని, పొద్దున సికింద్రాబాద్‌లో దిగి, ఇంటికొచ్చి, పోయిన రోజులన్నీ ఒక్కసారే రాబట్టాలన్న పట్టుదలతో రోల్ అప్ మొదలెట్టేవాళ్లను ఊహించుకోండి. రోల్ అప్ అంటే వెల్లకిలా పడుకున్నవాళ్లు ఒక్కో పూసా చాప మీంచి ఒలిచినట్టు లేచి, కాలివేళ్ల దాకా వంగడం. రోజంతట్లో దానికి అంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు.

బస్సులో, కారులో కూర్చుని వచ్చినవాళ్లది మరో తీరు. సీట్లో జారగిలబడి గంటల తరబడి కూర్చుంటే నడుం గుండ్రంగా వంగే ఉంటుంది. అప్పుడు వెన్ను వెనక స్నాయువులు సాగిన నాడాలా వదులవుతాయి. కెనడాలో స్టూవర్ట్ మెగిల్ కొలిచిన లెక్క ప్రకారం, ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి కూర్చుంటే వచ్చిన సాగుడు అరగంట తర్వాత కూడా పూర్తిగా పోలేదు. ఆ అరగంటలో వెన్నును పట్టి ఉంచాల్సిన తాళ్లు వదులుగా ఉంటాయి. మనం సరిగ్గా ఆ అరగంటలోనే డిక్కీలోంచి పాతిక కిలోల సూట్‌కేసు దించుతాం. ఊరు చేరగానే నడుం పట్టేయడానికి దిష్టి కారణం కాదు.

సూట్‌కేసు మాట వచ్చింది కాబట్టి 1996లో క్వీన్స్‌లాండ్‌లో పాల్ హాడ్జెస్, క్యారలిన్ రిచర్డ్‌సన్ గమనించినది చెప్పాలి. చెయ్యి ఎత్తమంటే, చెయ్యి కదలడానికి ముందే పొత్తికడుపు లోపల నడికట్టులా చుట్టుకుని ఉండే ట్రాన్స్‌వర్సస్ కండరం బిగుస్తుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లలో ఆ బిగింపు ఆలస్యమవుతుంది. పిలాటిస్ గురువులు ‘కోర్’ అని జపించడానికి శాస్త్రం ఇచ్చిన పెద్ద దన్ను ఇదే. ఆ ఒక్క కండరాన్నే వేరు చేసి సాధన చేస్తే ప్రత్యేక లాభం ఉందా అన్నదాని మీద తర్వాత చాలా వాదన నడిచింది. 2015 నాటి కోక్రేన్ సమీక్ష పది ప్రయోగాల్ని కలిపి చూసి, నడుంనొప్పికి ఏమీ చేయకపోవడం కంటే పిలాటిస్ మేలేననీ, మిగతా వ్యాయామాల కంటే గొప్పదనడానికి గట్టి ఆధారం లేదనీ తేల్చింది. నాకు ఇది నిరాశ కలిగించలేదు. ప్రయాణంలో చాప పరిచే చోటు దొరక్కపోతే నిశ్చింతగా నడవొచ్చు.

అందుకే ఊరు చేరాక నా వరస ఇప్పుడు మారింది. దిగగానే ముందు నడక. వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లొచ్చినా పావుగంట. పెళ్లివారింట్లో అయితే డాబా ఎక్కుతాను, అక్కడ అమృతాంజనం తెచ్చేవాళ్లుండరు. మొదట షోల్డర్ బ్రిడ్జ్: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకి లేపడం. కూర్చుని కూర్చుని మొద్దుబారిన పిరుదులకు అదే మేలుకొలుపు. తర్వాత బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఈదినట్టు ఆడించడం. పక్కకు తిరిగి కాలు ముందుకూ వెనక్కూ. ఆఖర్న హండ్రెడ్: అయిదు లెక్కల్లో ఊపిరి పీల్చి, అయిదు లెక్కల్లో వదులుతూ, చేతులు వందసార్లు ఆడించడం. పుస్తకంలో ఇది మొదటి వ్యాయామం. ప్రయాణపు రోజున నేను దాన్ని ఆఖరికి నెట్టి, తల కింద తువ్వాలు మడిచి పెట్టుకుంటాను. రోల్ అప్, బంతిలా దొర్లడం లాంటి వంగుడు వ్యాయామాలు సాయంత్రానికో మర్నాటికో వాయిదా. మొత్తం పది పన్నెండు నిమిషాలు. సంఖ్య తగ్గిస్తాను గానీ శ్రద్ధ తగ్గించను. హిక్సన్ ప్రయోగంలో ఓడిపోయిన జట్టు తీవ్రత తగ్గించిన జట్టేనని గుర్తు పెట్టుకుని.

ఇక విమానం. హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లే మన అమ్మానాన్నలు ఏ దోహాలోనో దుబాయ్‌లోనో మారి, రెండో విమానంలో పదహారు గంటలు కూర్చుంటారు. కదలకుండా కూర్చోవడంలోని ప్రమాదాన్ని వైద్యులు మొదట గుర్తించింది విమానంలో కాదు. 1940లో లండన్ మీద బాంబులు కురుస్తుండగా జనం రాత్రుళ్లు షెల్టర్లలో గుడ్డకుర్చీల్లో కూర్చుని గడిపేవారు. అలా కూర్చుని లేచినవాళ్లలో ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి హఠాత్తుగా చనిపోయేవాళ్లు పెరిగారని కీత్ సింప్సన్ అనే వైద్యుడు రాశాడు. కుర్చీ అంచు మోకాలి వెనక సిరను నొక్కేస్తుంది. కింద పిక్క కదలదు. కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు తోసేది పిక్కే కాబట్టి, అది పడుకుంటే రక్తం నిలిచిపోతుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణం ఈ ప్రమాదాన్ని సుమారు రెండింతలు చేస్తుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చెప్పింది. విమానమే కాదు, రైలూ బస్సూ కారూ కూడా. రెండింతలైనా దాదాపు ఆరు వేల మందిలో ఒక్కరికే, కాబట్టి హడలిపోనక్కర్లేదు. గంటకోసారి మడమలెత్తి దించడం, పాదం ముందుకూ వెనక్కూ వంచడం చాలు. రిఫార్మర్ మీద పాఠం మొదలయ్యేది ఈ పాదాల పనితోనే. ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్లూ, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లూ మాత్రం ప్రయాణానికి ముందే డాక్టర్ని అడగాలి.

డాలస్‌లో దిగాక గడియారం గొడవ. వేసవిలో అక్కడి టైము మనకంటే పదిన్నర గంటలు వెనక. ఒంట్లో గడియారం రోజుకు సుమారు గంట చొప్పునే జరుగుతుంది. వెళ్లిన మొదటి రోజుల్లో అక్కడి సాయంత్రం ఆరున్నర అంటే ఒంటి లెక్కలో తెల్లవారుజాము అయిదు. శరీర ఉష్ణోగ్రత అడుగుకు చేరే వేళ, కండరాలు బిగుసుకుని ఉండే వేళ. ఆ టైములో కూతురు ఆఫీసు నుంచి వచ్చి “అమ్మా, పద, ఇద్దరం కలిసి చేద్దాం” అంటే, ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు వద్దనండి. అక్కడి పొద్దుటి వెలుతురులో నడవడం ఇంతకంటే మంచిది. గడియారాన్ని జరిపేవాటిలో వెలుతురుదే పైచేయి.

ఆ అమ్మల గురించే ఇంకో మాట. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ల మీద మేయో క్లినిక్ 1984లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే, 59 మంది. వెన్ను వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికి కొత్తగా పూసలు చితికితే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి చితికాయి. అమెరికాలో కూతురింట్లో మెత్తటి కార్పెట్ చూసి ముచ్చటపడి, టీవీలో ఎవరో చేస్తున్నారని రోల్ అప్ చేయబోయే అరవై అయిదేళ్ల మనిషికి తెలియాల్సిన అంకెలివి. బోర్లా పడుకుని చేసేవి వాళ్లకు మేలు. వెళ్లి ఆర్నెల్లు ఉండేవాళ్లు కాబట్టి, వాళ్ల విషయంలో ‘తర్వాత చూద్దాం’ కూడా కుదరదు. నిలబెట్టుకునే ఖర్చు వయసుతో పెరుగుతుందన్న అలబామా లెక్క ఇక్కడే వాడాలి. యువకుడికి తొమ్మిదో వంతు సరిపోతే, వాళ్లకు వారానికి రెండు రోజులైనా మంచి సాధన ఉండాలి.

నా మట్టుకు ఒక్కటి మార్చుకున్నాను. ఊరెళ్లేటప్పుడు చాప చుట్టి బీరువా మీద పెట్టడం మానేశాను. బీరువాకూ మంచానికీ మధ్య పరిచే ఉంచి తాళం వేస్తాను. తిరిగొచ్చేసరికి దాని మీద సన్నగా దుమ్ము పడి ఉంటుంది. డికాక్షన్‌కు నీళ్లు పెట్టి, గుడ్డ తీసుకుని దులపడానికి వెళ్తాను. రైలు దిగి గంట కూడా కాలేదు కాబట్టి నడుం వంచను. మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుని దులుపుతాను.